తప్పుకు ఒక చాయ్

మోటారు మేస్త్రి పోయాడని నాకు మూడు వారాలు ఆలస్యంగా తెలిసింది. చెప్పింది వడ్డేపల్లిలో మోటార్లు చుట్టే మరియమ్మ. రాగితీగ చుట్టలు కావాలని ఫోన్ చేసి, ఏ మందంవి ఎన్ని తేవాలో అంతా చెప్పి, చివర్న అంది: "మేస్త్రి లేడు సేటూ ఇగ. నాగర్‌కర్నూల్ల బిడ్డింట్ల పోయిండు. అన్నం తిని చెయ్యి కడుక్కొని కూసున్నడంట, గంతే."

చుట్టల లెక్క రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టేశాను. మరియమ్మ, "సన్న తీగ మరవకు" అని పెట్టేసింది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన దుకాణానికే పేరు పెట్టుకోని మనిషికి, పోయాక నేను బోర్డు కట్టడం ఏం బాగుంటుంది. గద్వాల నుంచి వనపర్తి దాకా, అటు అచ్చంపేట దాకా రైతులకు ఆయన మోటారు మేస్త్రి. అది చాలు.

మాది గద్వాలలో కరెంటు సామాన్ల దుకాణం. తాత, నాయన, చిన్నాయనలు, అందరూ గల్లాపెట్టె పక్కన పెరిగినవాళ్లే. మా ఇంట్లో పిల్లలకు నడక కంటే ముందు బేరం వస్తుంది. డాక్టరు పది రోజులు మందులు మింగమంటే ఏడుకు ఒప్పించి, ఎనిమిదో రోజు జ్వరంతో మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లినవాణ్ని నేను. మా నాయన దుకాణంలో రెండు మాటలు నిషేధం: 'లేదు', 'తెల్వదు'. లేని సరుకు గురించి అడిగితే 'రేపొస్తది' అనాలి. తెలియని సంగతి అడిగితే గొంతు సవరించుకుని 'అది కంపెనీల అడగాలె' అనాలి. నేను బడిలో నేర్చుకున్న చాలా పాఠాలు మరిచిపోయాను గానీ ఈ రెండూ మరవలేదు.

మా దుకాణానికి ఆనుకుని మాదే ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో మేస్త్రి పని. బోరు మోటారు కాలిపోతే లోపలి మాడిన తీగ తీసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం. పొట్టి మనిషి. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక వెదురు పుల్ల. తీగను మోటారు ఇనుములోని సందుల్లోకి నొక్కడానికి అది. ఆలోచన వచ్చినప్పుడు దాంతోనే వీపు గోక్కునేవాడు.

రైతు మోటారు దించగానే ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. ముందు వాసన చూసేవాడు. తర్వాత రైతు వైపు తిరిగి, "ఆగే ముందు ఏమన్నది?" అని అడిగేవాడు. రైతు మొదట సిగ్గుపడేవాడు. ఆ తర్వాత గొంతులోంచి మోటారు చప్పుడు తీసేవాడు. తలపాగా చుట్టుకున్న పెద్దమనుషులు షెడ్డు ముందు నిలబడి "గుర్ర్... గుర్ర్... టక్" అంటుంటే, మా దుకాణంలో బల్బులు కొనడానికి వచ్చినవాళ్లు బయటికి వచ్చి చూసేవారు. మేస్త్రి కళ్లు మూసుకుని వినేవాడు. "ఇంకోసారి అను. టక్కుమన్నదా, టపుక్కుమన్నదా?"

ఒక్కోసారి అంతా విని, కళ్లు తెరిచి, "తెల్వదు" అనేవాడు. ఆ మాట మా నాయనకు మా గోడ అవతల నుంచి రోజూ వినపడేది, పళ్లు జివ్వుమన్నట్టు ముఖం పెట్టేవాడు. మేస్త్రి మాత్రం ఎవరో చేతిలో మిఠాయి పెట్టినంత సంబరంగా అనేవాడు. "తెల్వదు. కూసో, చూద్దాం." నాకు ఆశ్చర్యమేమంటే, ఆ మాట విన్న రైతు లేచి వెళ్లిపోయేవాడు కాదు. కూర్చునేవాడు.

ఆ షెడ్డులో అసలు వింత గోడ.

ఏ మోటారుకు ఎన్ని చుట్లు చుట్టాలి, ఎంత మందం తీగ వాడాలి అన్నది ఈ పనిలో ప్రాణం. మిగతా మేస్త్రీలు దాన్ని చిన్న పుస్తకంలో రాసి లోపలి జేబులో పెట్టుకుంటారు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు వీపు తిప్పుకుంటారు. ఈయన అదంతా నీలం రంగుతో గోడ మీద రాసి పెట్టాడు, రోడ్డు మీద పోయేవాడికి కూడా కనిపించేటట్టు. ఊళ్లో ఇంకో మేస్త్రి చాయ్ వంకతో వచ్చి, మెడ వంచి వంచి చదువుతుంటే, ఈయన తన మనుషులతో అనేవాడు: "జర పక్కకు జరుగుర్రి. ఆయనకు కనపడ్తలేదు."

నీలం గీతల కింద ఎర్ర గీతలు ఉండేవి. అవి తప్పులు. 'తడి ఆరకముందే మూత బిగిస్తిమి. కాలె.' 'తీగ అతుకు సరిగ చూడకపోతిమి. తిరిగి వచ్చె.' అట్లా. ఎవరు చేశారన్నది ఉండదు, ఏం చేశారన్నదే ఉంటుంది.

పొద్దున షెడ్డు తెరవగానే నాలుగు స్టూళ్లు, నాలుగు స్టీలు గ్లాసులు, ఒక కెటిల్. నిన్న తప్పు చేసినవాడు అందరి ముందు చెప్పాలి. చెప్పినవాడికి నిండు గ్లాసు. మిగతావాళ్లకు ముప్పావు. ఇది ఆయన కానూను. తప్పు విన్నాక దాన్ని గోడకెక్కించేవారు. మూడు రోజులు వరుసగా ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆయనకు అనుమానం వచ్చేది. గ్లాసుల వంక చూసి, "అందరు ముప్పావే తాగుతున్నరు. ఎవడో ఏదో దాస్తుండు" అనేవాడు. కాసేపటికి ఎవడో దగ్గేవాడు.

ఇంకో కానూను, తన కింద నలుగురే. ఐదో మనిషి పని నేర్చుకుంటానని వస్తే, ఆ నలుగురిలో ముందు వచ్చినవాడు లేచి, తన ఊరికి పోయి షెడ్డు వేసుకోవాలి. పోయే ముందు గోడ మొత్తం, నీలమూ ఎరుపూ, ఎత్తి రాసుకోవాలి. మరియమ్మ అట్లా వెళ్లిందే. పత్తి విత్తనం చేన్లలో కూలికి పోయే మనిషి. ఎవరి మోటారో ట్రాలీ ఆటోలో తీసుకొచ్చి దించుతుంటే, మేస్త్రి ఆమె వేళ్లు చూశాడట. మొగ్గ విప్పి, పూవు చెదరకుండా పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసిన వేళ్లు. "అమ్మా, తీగ చుడ్తవా?" అన్నాడట. ఆమె "తెల్వదు" అంది. ఆయనకు అంతకంటే ఏం కావాలి.

నాయన తర్వాత దుకాణం నా చేతికి వచ్చింది. నేను ఒకరోజు షెడ్డులోకి వెళ్లి, ఖాళీ స్టూలు లేక వైరు చుట్ట మీద కూర్చున్నాను.

"మేస్త్రీ, వెనక జాగ ఉన్నది. పెద్దగ కడదాం. ఇరవై మందిని పెడదాం, ముందర ఇంత బోర్డు. మూడు జిల్లాల మోటార్లన్నీ మన దగ్గరికే రావాలె."

"ఎందుకు రావాలె?"

"ఎందుకంటే ఏంది. వ్యాపారం."

"మోటరు బరువు తెల్సా సేటు నీకు? అచ్చంపేట నుంచి గిక్కడిదాక తేవాలంటే ఎంతమంది పరేషాన్ గావాలె. మనమే అక్కడికి పోతే అయిపాయె గద."

"పని నేర్సుకొని పోయినోడు మన మనిషి ఎట్లయితడు?"

ఆయన చెవి మీది పుల్ల తీసి వీపు గోక్కున్నాడు. "ఇరవై మంది ఒక్క షెడ్డుల ఉంటే, ఆ మూలకున్నోడు మోటరు కాలబెడితే ఈ మూలకున్నోనికి ఇనపడ్తదా?"

"ఇనపడి ఏం చెయ్యాలె?"

"ఈడు మల్ల కాలబెట్టకుండ ఉండాలె."

నేను నాకు వచ్చిన పనే చేశాను. ఇరవై నుంచి పదిహేనుకు దిగాను. పన్నెండు అన్నాను. ఎనిమిది అన్నాను. ఆయన ప్రతిసారీ నాలుగే అన్నాడు.

"ఆరు, మేస్త్రీ. నా మాట ఉంచు."

"కెటిల్ల నాలుగు గ్లాసులే ఉంటయి సేటు."

"పెద్ద కెటిల్ నేను కొనిస్త."

"కెటిల్ పెద్దదైతది. చెవులు పెద్దగయితయా?" అని, నా ముఖం చూసి జాలిపడి, "తీగ నువ్వు పెద్దగ కొను, అందరికీ అగ్గువకు దొరుకుతది. గది మంచిదే. చేతులు మాత్రం చిన్నచిన్నగ ఉండనియ్" అన్నాడు.

నా జీవితంలో ఒక్క మెట్టు కూడా దిగని మనిషితో బేరమాడింది అదొక్కసారే. ఇంటికి వెళ్లాక అన్నం సయించలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆయనకు మోకాళ్లు పట్టేసి, నాగర్‌కర్నూల్‌లో బిడ్డ ఇంటికి వెళ్లిపోయాడు. చివరి నలుగురూ నాలుగు ఊళ్లకు పోయారు. షెడ్డు ఖాళీ. నా తెలివికి అడ్డం లేకుండా పోయింది.

పద్నాలుగు మందిని పెట్టాను. నాకొక అద్దాల గది. ఎవరి పని వాళ్లు చూసుకోవాలని బల్లకూ బల్లకూ నడుమ ప్లైవుడ్ అడ్డాలు. బోర్డు ఎంత పెద్దదంటే దాని నీడలో సోడా బండివాడు స్థిరపడ్డాడు. మొదటి రోజే అందరినీ నిలబెట్టి, "మోటరు కాలబెట్టినోడు ఇంటికే" అని చెప్పాను. గోడ మీది నీలం గీతలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎర్ర గీతలు రాసుకోలేదు. చెడిపోయిన సరుకును ఎవరైనా లోపల దాచుకుంటారా? తర్వాత గోడకు సున్నం వేయించాను. ఒక పూత చాలదంటే రెండో పూతకు కూలి తగ్గించమని బేరమాడి, ఒక్క పూతతోనే సరిపెట్టాను.

ఆ యాసంగిలో బుచ్చన్న వచ్చాడు. పూణెలో కట్టడాల పని మానేసి వచ్చి రెండెకరాలు కౌలుకు తీసుకుని పల్లి వేసినవాడు. కాయలో గింజ నిండే సమయం, ఇంకా రెండు తడులు కావాలి, మోటారు కాలింది. మావాళ్లు చుట్టి ఇచ్చారు. నాలుగు రోజులకు మళ్లీ కాలింది. ఇంకో బల్ల మీద చుట్టించాను. రెండు రోజులకే కాలింది. మూడోసారి వచ్చినప్పుడు బుచ్చన్న తిట్టలేదు. నా అద్దాల గదిలోకి వచ్చి, వేళ్లతో పీకిన పల్లి మొక్క ఒకటి బల్ల మీద పెట్టాడు. ఆకులు ముడుచుకుని ఉన్నాయి. కాయ ఒకటి చిదిపి చూపించాడు. గింజ గోరంత ఉంది.

"నాలుగు దినాల్ల నీళ్లు తాకకపోతే గిది గిట్లనే ఉంటది సేటు. గప్పుడు నేను పూణె బస్సెక్కుడే" అన్నాడు.

"రేపయిపోతది బుచ్చన్నా" అన్నాను, అలవాటు కొద్దీ.

అతను బయటికి పోయి షెడ్డులో నేల మీద కూర్చున్నాడు. చూట్టానికి ఏమీ లేదు కాబట్టి ఎదురుగా ఉన్న తెల్లగోడను చూస్తూ కూర్చున్నాడు. మరునాడూ వచ్చాడు, కొత్త మొక్కతో. ఆ మరునాడూ అంతే. మూడో మొక్క ఆకులు గలగలమన్నాయి.

నేను అడ్డాలన్నీ తిరిగి ఒక్కొక్కణ్ని అడిగాను. అందరూ "నేను సక్కగనే చుట్టిన సేటు" అన్నారు. చివరికి ఒకడు నేల చూస్తూ నోరు విప్పాడు. "ఆ కంపెనీ మోటరు నా దగ్గర గూడ గిట్లనే రెండుసార్లు కాలింది. చెప్తే ఇంటికి తోలుతవని..." ఆ మాట విని పక్క అడ్డంలోంచి ఇంకొకడు తల బయటపెట్టాడు. తర్వాత ఇంకో ఇద్దరు. ఒకే కప్పు కింద, ఒకే వారంలో, నలుగురు ఒకే తప్పు చేసి, నలుగురూ విడివిడిగా దాచారు.

మేస్త్రికి ఫోన్ చేశాను. కంపెనీ పేరు విని, "గోడ చూడు సేటు. ఎర్రదాంట్ల, మీది నుంచి మూడోది" అన్నాడు.

నేను అద్దంలోంచి తెల్లగోడ వంక చూశాను.

"కనపడ్తలేదా?"

"సున్నం ఏసినం మేస్త్రీ."

అటు నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "బిడ్డా, సేటు గోడకు సున్నం ఏసిండంట" అని ఇంట్లో వాళ్లకు చెప్పాడు. వాళ్లూ నవ్వారు. "మరి ఆ గీత ఏందో చెప్పు మేస్త్రీ" అన్నాను.

"నాకు యాదిలేదు. గోడ మీద రాసినంక నేనెందుకు యాది పెట్టుకుంట? వడ్డేపల్లికి పో. మరియమ్మ కాడ ఉంటది."

ట్రాలీ ఆటోలో అటు మోటారు, ఇటు బుచ్చన్న, వాళ్లిద్దరికీ నడుమ నేను. దారిలో బుచ్చన్న ఒక్క మాటే అన్నాడు: "ఈమె షెడ్డు మా చేనుకు పక్కనే ఉన్నది సేటు. నీ బోర్డు చూసి గంతదూరం వస్తి."

మరియమ్మ షెడ్డులో నాలుగు స్టూళ్లు. గోడ మీద పై నుంచి మూడో ఎర్ర గీత: 'పలక నమ్మి చుడితిమి. కాలె. లోపలి ఇనుము కొలిచి చుట్టాలె.' ఆ కంపెనీవాళ్లు మోటారు మీద కొలతలుండే పలక పాతదే కొట్టి, లోపల ఇనుము మాత్రం వేలెడు పొట్టిది పెట్టారు. పొట్టి ఇనుముకు చుట్లు ఎక్కువ పడాలి. నా నోటుబుక్కులో ఉన్నది పలక లెక్క. మరియమ్మ మోటారు నోట్లో చెయ్యి పెట్టి వేళ్లతో కొలిచి, "ఔ, పొట్టిదే" అని పని మొదలుపెట్టింది. మరునాడు మధ్యాహ్నానికి బుచ్చన్న చేలో నీళ్లు పారాయి. గట్టు వైపు నాలుగు సాళ్లు పోయాయి. మిగతాది నిలబడింది. అతను పూణె బస్సెక్కలేదు.

ఆ తర్వాత నేను అడ్డాలు పీకించి, నా మనుషులను ముగ్గురు నలుగురుగా వాళ్ల ఊళ్ల వైపు పంపాను. మరియమ్మ గోడ ఎత్తి రాసుకోమన్నాను. ఇదేదో మంచితనం అనుకోకండి. ఇప్పుడు ఇన్ని షెడ్లకు తీగ ఇచ్చేది నేనే. రైతు మోటారు ఊరు దాటడం లేదు, నా తీగ ప్రతి ఊరికీ పోతోంది. బోర్డు రేకు మాత్రం సోడా బండివాడు పైకప్పుకు అడిగాడు, ఇచ్చేశాను.

కానీ ఒకటి మిగిలిపోయింది. తీగ దించడానికి వెళ్లినప్పుడల్లా మరియమ్మ షెడ్డులో చాయ్ తాగేవాణ్ని. అడిగితే, మా పనోళ్లు తప్పులు దాచారని చెప్పేవాణ్ని. సున్నం సంగతి, 'ఇంటికే' అన్న సంగతి చెప్పలేదు. ఇతరుల తప్పు చెప్పినవాడికి ముప్పావు గ్లాసే. మేస్త్రికి అంతా తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా మాత్రం మొదటి మాట అదే: "గ్లాసు నిండిందా సేటు?"

"రేపు మేస్త్రీ" అనేవాణ్ని.

మూడేళ్లు అట్లా 'రేపు' అమ్మాను. ఇప్పుడు కొనేవాడు లేడు.

మరియమ్మ ఫోన్ వచ్చిన మరునాడు పొద్దున్నే తీగ తీసుకుని వడ్డేపల్లి వెళ్లాను. నలుగురూ స్టూళ్ల మీద ఉన్నారు. గడప దగ్గర బుచ్చన్న, ఉడకబెట్టిన పల్లికాయల సంచితో. అతను ఉంటాడనుకోలేదు. వెనక్కి తిరుగుదామా అనిపించింది. మరియమ్మ కెటిల్ అందుకుంది. "చెప్పుర్రి. నిన్న ఎవరేం చేసిండ్రు?"

"మూడేండ్ల కిందటిది నడుస్తదా?" అన్నాను.

"నడుస్తది. పాతదైతే చిక్కగుంటది."

"గద్వాలల గోడకు సున్నం పడ్డది."

"సున్నం దానంతట అదే పడ్తదా?"

"ఏయించినం."

"ఎవరు?" కెటిల్ ముక్కు నా గ్లాసు మీదికి వంచి, పొయ్యకుండా పట్టుకుంది.

"నేను. ఎర్ర గీతలు రాసుకోకుండనే ఏయించిన. మోటరు కాలబెట్టినోడు ఇంటికే అన్నది గూడ నేనే. పనోళ్లు దాచింది నా భయానికే. బుచ్చన్న చేను ఎండబోయింది వాళ్లతోని గాదు."

బుచ్చన్న వైపు తిరగలేకపోయాను. కాయ చిదిపిన చప్పుడు వినపడింది.

"నాకు తెల్సు సేటు" అన్నాడు. "మూడు దినాలు ఆ గోడ ముందరనే కూసుంటి గద. సున్నం కింద ఎర్రగ కనపడ్తనే ఉండె. సదువుదామంటే అందకపాయె." అని నా ఒళ్లో గుప్పెడు కాయలు పోశాడు.

ఒక్క పూతతో సరిపెట్టిన నా బేరం గుర్తొచ్చింది.

మరియమ్మ గ్లాసు నింపింది. అంచు దాకా, ఇంకొక్క చుక్క పట్టనంత. ఎర్ర రంగు డబ్బా మూత తీసి గోడ మీద రాయడం మొదలుపెట్టింది. నా పేరు రాస్తుందేమోనని చూశాను. రాయలేదు.

"మరియమ్మా, నేను చెప్పినయి రెండు తప్పులు. సున్నం ఒకటి, ఇంటికే అన్నది ఒకటి. రెండు గ్లాసులు రావాలె."

"ఒకటే."

"ఒకటిన్నర."

"రెండోది రేపొచ్చి చెప్పు సేటు" అంది, వెనక్కి తిరక్కుండానే.

స్టూళ్ల మీద వాళ్లు నవ్వారు. గ్లాసు ఎత్తితే ఒలికి చెయ్యి కాలేటట్టు ఉంది. అందుకని బల్ల మీదే ఉంచి, వంగి, మొదటి గుక్క అక్కడే తాగాను. ఈలోగా మరియమ్మ రాయడం ముగించి, చేతులు తుడుచుకుని, నేను తెచ్చిన చుట్టలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. రెండోసారి కూడా చూసింది.

"సేటూ, సన్న తీగేది?"

నేను గ్లాసు ఖాళీ చేసి ఆమె ముందుకు జరిపాను.